లస్మవ్వ మెదడు

శ్రీరాంపూర్,
జూన్ రెండో వారం.

మర్దలు రేవతికి వదిన జమున రాసేది.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరమెందుకని అనుకుంటావు. ఇక్కడ ఫోన్ మోగితే ఏమవుతుందో నువ్వు చూడలేదు. మామకు అది బొగ్గుబాయి నుంచి వచ్చిన పిలుపు. బూట్లేవి, హాజరు మస్టర్ పడదు, జీతం కోస్తరు అంటూ ఇల్లంతా వెతుకుతాడు. బూట్లు దొరక్కపోతే నా చెప్పులు తొడుక్కునైనా గేటు దాటుతాడు. అందుకే ఫోన్ సప్పుడు బంద్ చేసి పప్పు డబ్బా వెనక పెట్టాను. పైగా ఈ రెండు గదుల క్వార్టర్లో గుసగుసలాడినా అందరికీ వినబడుతుంది. నీతో చెప్పుకోవాల్సినవి రాసుకోవడమే నయం.

అందరం క్షేమమని రాయాలి కదా, రాశాననుకో. మీ అన్న పర్శరాములు షిఫ్టు నుంచి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. మీ అవ్వ పగలూ రాత్రీ మీ బాపును కనిపెట్టుకుని ఉంటుంది. నేను వాళ్లిద్దరినీ కనిపెట్టుకుని ఉంటాను. మామకు మతి తప్పడం మొదలై ఆరేళ్లయింది. అలసిపోయానని చెప్పడానికి కూడా ఓపిక లేదు రేవతీ.

ఇక అసలు సంగతి. పోయిన వారం మన కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక క్యాంపు పెట్టారు. షుగరు క్యాంపు కాదు, మతిమరుపు జబ్బుది. హైదరాబాదులో మెదళ్లు దాచిపెట్టే బ్యాంకు ఒకటి ఉందట. అక్కడి నుంచి సాయిచంద్ అనే డాక్టరు వచ్చాడు. జగిత్యాల వైపు పిల్లవాడే, మాట మనలాగే ఉంది. జబ్బున్నవాళ్ల రక్తం తీసుకుని దాస్తారు, ఏటేటా జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి రాసుకుంటారు. మనిషి పోయాక ఇంటివాళ్లు ఒప్పుకుంటే మెదడు తీసి భద్రపరుస్తారు.

"బతికున్నప్పుడు ఫొటోలు తీస్తె కొంతే తెలుస్తదమ్మా. అసలు ఏ జబ్బు, ఎంత ముదిరింది అన్నది మెదడు జూస్తెనే ఖాయమైతది. మనోళ్లయి మాతాన శానా తక్కువున్నయి" అన్నాడు సాయిచంద్.

మామకు కూడా పరీక్ష పెట్టారు. ఇయ్యాల ఏ వారం తాతా అని అడిగితే నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. నా చెవిలో నోరు పెట్టి, "చెప్పకు బిడ్డా. అన్‌ఫిట్ గావాలె. అన్‌ఫిట్ అయితెనే పోరనికి నౌకరి వస్తది" అన్నాడు. మెడికల్ బోర్డు ముందు కూర్చున్నాననుకున్నాడు పాపం. ఆయన అన్‌ఫిటై, కొడుకుకు ఆ ఉద్యోగం వచ్చి పద్నాలుగేళ్లయిందని ఎలా చెప్పాలి? అంతకు ముందు కాలంలో ఉద్యోగం పోకుండా ఉండాలని కంటి పరీక్ష బోర్డు మీది అక్షరాలు బట్టీ పట్టేవారు కదా, అవి కూడా గడగడ చదివి వినిపించాడు. కూతురు పేరు అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు. డాక్టరు ఇదంతా విని నవ్వలేదు, వివరంగా రాసుకున్నాడు. అందుకే ఆ పిల్లవాడి మీద నాకు నమ్మకం కుదిరింది.

మామ పోయిన తర్వాత ఆయన మెదడు ఇవ్వడానికి మీ అన్నా, నువ్వూ ఒప్పుకోవాలి. ఇద్దామనే నేనంటాను. ఇందులో నాకు పుణ్యం ఏమీ అక్కర్లేదు. ఇన్నేళ్లుగా దేనితో కొట్లాడుతున్నానో నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కరు ఆ తలలోకి చూసి, ఇదీ సంగతి అని చెబితే చాలు.

జవాబు రాయి.

నీ వదిన,
జమున

*

కరీంనగర్,
జూన్ నెలాఖరు.

వదినకు రేవతి నమస్కారాలు.

నీ ఉత్తరం స్కూల్లో విరామ సమయంలో చదివాను. తరువాతి క్లాసులో పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు.

ఒక్క మాట సూటిగా రాస్తున్నాను. నా బాపు తల ఎవరూ ముట్టుకోవద్దు. ఇరవై ఎనిమిదేళ్లు బాయిలో దిగి, పైకప్పు కూలకుండా ఆ తలను ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు మనమే దాన్ని కోయించి సీసాలో పెట్టిద్దామా? పోయేటప్పుడైనా మనిషి నిండుగా పోవాలి.

ఇంతమంది రోగులుండగా ఆయనే దొరికాడా వాళ్లకు? ముందు కొండగట్టుకు తీసుకెళ్లి అంజన్న సన్నిధిలో ఒక మండలం ఉంచుదామని రెండేళ్లుగా అడుగుతున్నాను. మతి చెడ్డవాళ్లు ఎంతోమంది అక్కడ బాగుపడి ఇంటికొచ్చారు. ఆ మాట మీరెవరూ పట్టించుకోలేదు. క్యాంపువాళ్లు వచ్చి అడగగానే మెదడు ఇద్దామంటున్నావు.

చూసుకునేది నువ్వే, నేను కాదు. ఆ మాట నువ్వు అనకముందే నేనే అంటున్నాను. కానీ చూసుకుంటున్నంత మాత్రాన ఆయన నీ ఒక్కదాని మనిషి అయిపోడు వదినా. నేను సంతకం పెట్టను. అన్నతో కూడా ఇదే చెప్పు.

అవ్వను అడిగానని చెప్పు.

రేవతి

*

శ్రీరాంపూర్,
ఆగస్టు.

రేవతికి,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. గెలిచేదాకా పోట్లాడాను కాబట్టి ఇప్పుడు కోపం లేదు. కొండగట్టు సంగతి మాత్రం చెబుతాను. మండలం పాటు మామతో అక్కడ ఎవరుండాలి? ఇక్కడ వాకిట్లో ఒక కోతి కనిపిస్తేనే అది తన టిఫిన్ గిన్నె ఎత్తుకుపోయిందని కర్ర పట్టుకుని వెంటపడతాడు. అక్కడున్న కోతులన్నిటితో ఆయన పంచాయితీ నేను తీర్చలేను తల్లీ.

నువ్వు వద్దన్నావని మీ అన్నకు చెప్పాను. ఊఁ అన్నాడు. ఆయన ఊఁ అంటే ఒప్పుకున్నట్టో కాదన్నట్టో పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. కాబట్టి మామ సంగతి అక్కడే ఆగింది.

కానీ మీ అవ్వ ఆగలేదు. బ్యాంకుకు జబ్బున్న మెదళ్లతో పాటు బాగున్నవి కూడా కావాలట. బాగున్నదాన్ని పక్కన పెట్టి చూస్తేనే చెడిందేదో తెలుస్తుందట. పోయిన నెల సాయిచంద్ మళ్లీ వచ్చినప్పుడు ఆ మాట అత్తమ్మ చెవిన పడింది. "ఆయినది వద్దంటె నాది తీస్కోరి. నేను మంచిగనే ఉన్న గద" అంది సాయిచంద్‌తో. నేను ఎంత చెప్పినా వినలేదు.

ఇక ఆమె పరీక్షకు తయారైన తీరు చూడాలి. మన బాయిల మీద మెడికల్ పరీక్ష అంటే ముందే బట్టీ పట్టుకోవాలని కదా అందరికీ ఎరుక. మన వెనక లైనులో ఉండే సరోజన ముందురోజే ఆ పరీక్షకు పోయి వచ్చింది. డాక్టరు అయిదు మాటలు చెబుతాడు, కాసేపాగి వాటిని మళ్లీ అడుగుతాడని అత్తమ్మకు చెప్పేసింది. మామిడి, గొడ్డలి, దీపం, చీర, బావి. ఇంక చూడు, రొట్టెలు చేస్తూ మామిడి గొడ్డలి, బట్టలు పిండుతూ దీపం చీర బావి. ఆ రోజు వారం, తేదీ, కలెక్టరు పేరు కూడా నాతో చెప్పించుకుంది. డాక్టరు అడిగినప్పుడు ఒక్కటీ తప్పలేదు. "శబాష్ అవ్వా, నా కన్న నీకే మంచిగ యాదుంటది" అన్నాడాయన.

డాక్టరుకు నిజం చెబుదామని నోరు తెరిచాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చాక, "చెప్పకు బిడ్డా. అన్‌ఫిట్ అని రాసిండ్రనుకో, గీమెతోని ఏమైతది అని మీ మామను నాతాన ఉండనియ్యరు" అంది. ఆ పరీక్షకూ, మామను చూసుకోవడానికీ సంబంధం లేదని రెండుసార్లు చెప్పాను. "నీకు బాయి సంగతులు తెల్వయి, బోథ్ దానివి" అని కొట్టిపారేసింది. బోథ్‌లో పుట్టడం నేరమైపోయింది నాకు.

మొత్తానికి సంతకం పెట్టింది. వేలిముద్ర వేస్తావా అవ్వా అంటే కోపం తెచ్చుకుని, వయోజన విద్యలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ లస్మవ్వ అని రాసింది. బ్యాంకువాళ్ల నంబరు కాగితం బీరువా తలుపుకు తనే అంటించింది. నీకు కోపమొస్తుందని తెలుసు. కానీ దాచిపెట్టడం నాకిష్టం లేదు.

జమున

*

కరీంనగర్,
సెప్టెంబరు.

వదినా,

అవ్వకు కోపం రాకుండా ఉండేందుకు నువ్వు నాకు కోపం తెప్పించావు. సరే. ఆమె ఇంకా చాలా ఏళ్లుంటుంది, అప్పటికి చూసుకుందాం.

బట్టీ పట్టిన సంగతి చదివి మాత్రం స్టాఫ్ రూములో ఒక్కదాన్నే నవ్వాను. నన్ను పదో తరగతిలో లెక్కలు బట్టీ పట్టినందుకు కొట్టిన మనిషి ఆమె.

దసరా సెలవులకు వద్దామనుకున్నాను. మా ఆయన చెల్లెలి ఇంట్లో పని పడింది. రాలేను. ఏమీ అనుకోకు.

రేవతి

*

శ్రీరాంపూర్,
నవంబరు.

రేవతికి,

ఇది రాయాలా వద్దా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. ఇంక దాచడం నావల్ల కాదు. మీ అవ్వకు కూడా మొదలైనట్టుంది.

మొదట పాలు పొంగబెట్టింది, అది అందరికీ అయ్యేదే అనుకున్నాను. తర్వాత నీళ్లు పోయకుండా బియ్యం కుక్కరు పొయ్యి మీద పెట్టింది. నన్ను రేవతీ అని పిలుస్తోంది. రేషన్ దుకాణానికి వెళ్లి సంచీ అక్కడే వదిలి, ఎందుకొచ్చానో తెలియక మలుపు దగ్గర నిలబడిపోయింది. సరోజన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మాట మధ్యలో ఆగిపోతుంది, చూపు ఎటో ఉంటుంది. మామకు మొదట్లో అచ్చం ఇలాగే ఉండేది.

పోయిన వారం గ్యాస్ తెరిచి వెలిగించడం మర్చిపోయింది. వాసనకు నేను పరుగెత్తుకొచ్చాను కాబట్టి సరిపోయింది. మీ అన్న ఎప్పుడూ నోరు తెరవనివాడు ఆ రోజు తెరిచాడు. "రేపటి సంది పొయ్యి కాడికి పోకు" అని చెప్పి వంటింటికి తాళం పెట్టాడు. తాళంచెవి నా చేతికిచ్చాడు. తర్వాత ఆమె ముందే, ఆమె లేనట్టే మాట్లాడుకున్నాం. "గీమె గూడ గట్లనే అయితె ఇద్దరినెట్ల జూస్తమే?" అన్నాడు. చూడలేమని నేనన్నాను. మామకు అన్నం కలుపుతూ అక్కడే కూర్చుంది. ముద్దలు చేసి ఆయన నోట్లో పెడుతూనే ఉంది. ఏమీ అర్థం కాలేదనుకున్నాం.

మామ రాత్రిళ్లు పడుకోడు, నీకు తెలుసు. షిఫ్టుకు పోతానని లేస్తూనే ఉంటాడు. లేచిన ప్రతిసారీ ఆమె లేచి కూర్చోబెడుతుంది. నేను లేస్తానంటే, "నీకు పొద్దుగాల పనున్నది, పండుకో" అంటుంది. ఇలా ఎన్నేళ్లుగానో జరుగుతోంది. ఇప్పుడు ఆమెకే ఇలా అయితే ఎలాగో నాకు దిక్కు తోచడం లేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే రానంటుంది. బలవంతం చేస్తే ఏడుస్తుంది. రేవతీ, ఒక్క పదిహేను రోజులు వచ్చి ఉండు. నేను బోథ్ వెళ్లి వస్తాను. మా తమ్ముడి చేనులో పత్తి ఏరుతున్నారు. పత్తి ఏరితే నడుం విరుగుతుందని తెలుసు. అయినా ఆ చేనులో నన్నెవరూ పిలవరు, వెతకరు. అది చాలు నాకు.

కాదనకు.

జమున

*

శ్రీరాంపూర్,
జనవరి మొదటి వారం.

బోథ్‌లో ఉన్న వదినకు రేవతి రాసేది.

స్కూలుకు సెలవు పెట్టి వచ్చి తప్పు చేశానని మొదటి రోజు, నువ్వు ఎలా బతికున్నావా అని రెండో రోజు అనుకున్నాను. ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు, పని చేసుకుపోతున్నాను.

బాపు నన్ను సిస్టర్ అంటున్నాడు. ఆసుపత్రి నర్సునట. "సిస్టర్, ఫిట్ రాయకున్రి, మీ కాళ్లు మొక్కుత" అని నిజంగానే వంగాడు. నేను పక్కగదిలోకి పోయి ఏడ్చాను. తర్వాత వచ్చి అన్‌ఫిట్ అని కాగితమ్మీద రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని కాస్త కుదురుగా అన్నం తిన్నాడు.

అవ్వ సంగతి. రాత్రిళ్లు నేను బాపు దగ్గర పడుకుంటానని చెప్పి ఆమెను వెనక గదిలోకి పంపాను. మొదట వద్దని గొడవపడింది, పడుకున్నాక మాత్రం లేవలేదు. పగలు కూడా పడుకుంది. అన్నానికి లేపితే తిని మళ్లీ పడుకుంది. జబ్బు ముదిరిందేమోనని భయపడి అన్నను పిలిచి చూపించాను. మూడో రోజు పొద్దున లేచి తల దువ్వుకుంది. నేను చేసిన చారు రుచి చూసి, "గిదేం చారు, నీ అత్త ఏమంటలేదా?" అంది. ఆ తర్వాత నా పెళ్లిలో పెట్టిన చీరలు ఎవరికి ఏ రంగు వచ్చిందో, ఎవరు అలిగి మా గుమ్మం దిగారో అన్నీ వరసపెట్టి చెప్పింది. నాకే గుర్తులేవు ఆ రంగులు. నన్ను తిట్టడం మాత్రం అవ్వ ఇంకా మర్చిపోలేదు వదినా.

నువ్వు నిమ్మళంగా ఉండు. తొందరపడి రావద్దు.

రేవతి

*

బోథ్,
జనవరి.

రేవతికి,

చీరల రంగులు చెప్పిందని సంబరపడకు. జబ్బులో మధ్యమధ్య మంచి రోజులొస్తాయని డాక్టరు చెప్పాడు. మామకూ మొదట్లో అలాగే వచ్చేవి. బాగుపడ్డాడని కొబ్బరికాయ కూడా కొట్టాను. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వకు. తాళంచెవి నీ కొంగునే కట్టుకో.

ఇక్కడ పొద్దున్నే చేనుకు పోతున్నాం. మా అవ్వ నన్ను చూసి "ఇంత వాడిపోయినవేందే" అని మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టింది. నిన్న మంచె కింద కూర్చుని, ఏమీ చేయకుండా ఒక పూటంతా గడిపాను.

జమున

*

కరీంనగర్,
ఫిబ్రవరి.

వదినా,

అవ్వ దినాలయ్యాక నీతో సరిగా మాట్లాడకుండానే వచ్చేశాను. చుట్టాల మధ్య చెప్పే సంగతి కాదు. నువ్వు బోథ్ నుంచి వచ్చేసరికి అవ్వను తీసుకొచ్చిన వ్యాను వాకిట్లో ఉంది. దానికి ముందు జరిగింది నీకెవరూ చెప్పలేదు, ఎందుకంటే ఇంట్లో ఉన్నది నేనూ బాపే.

ఆ పొద్దున అవ్వ అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఛాతీలో ఏదోలా ఉందంది. మంచినీళ్లు తెచ్చేసరికి పక్కకు ఒరిగిపోయింది. సరోజన వాళ్ల ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలోనే పోయిందన్నారు. గుండె అన్నారు. అన్న మొదటి షిఫ్టులో భూమి లోపల ఉన్నాడు. కబురు పంపాను, పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు.

బట్టలు తీసుకుందామని ఇంటికొచ్చి బీరువా తెరవబోయాను. తలుపు మీద ఆ కాగితం. ఎంత తొందరగా చెబితే అంత మంచిదని దాని మీద రాసుంది. నేను చూడనట్టే బీరువా తెరిచి చీర తీశాను. చూడలేదంటే ఎవరడుగుతారు? అన్న అడగడు. నువ్వు బోథ్‌లో ఉన్నావు. బాపు గుమ్మంలో నిలబడి, "లస్మీ ఏది? అన్నం వెట్టలే" అంటున్నాడు.

నాకు అవ్వను కోయించడం ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆమె పుట్టిల్లు, పెళ్లి, పిల్లలు, ఈ కాలనీ, బాపు జబ్బు, వీటిలో ఒక్కటీ ఆమెనడిగి జరిగింది కాదు. ఈ ఒక్కటి మాత్రం వద్దన్నా వినకుండా తనే కోరుకుంది. దాన్ని కూడా నేను కాదంటే ఆమెకేం మిగిలింది? ఫోన్ చేశాను. 

సాయిచంద్‌తో ఇంకో మాట కూడా చెప్పాను. "సార్, మా అవ్వను బాగున్నోళ్లల్ల వెట్టకున్రి. ఆ పరీక్ష బట్టీ పట్టి చెప్పింది. నాలుగైదు నెలల సంది అన్నీ మర్చిపోతుండె. ఆమెకు గూడ గదే జబ్బు" అన్నాను. ఆయన ఆ మాట నాతో మళ్లీ చెప్పించుకున్నాడు. "మంచిపని చేసిండ్రక్కా. ఇది చెప్పకపోతె మా లెక్క తప్పు వోతుండె" అన్నాడు.

అన్న బొగ్గు మొహంతోనే వచ్చాడు. విషయం చెబితే, "నువ్వే గదనే వద్దన్నది" అన్నాడు. "నేనే" అన్నాను. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు. బాపును సరోజనకు అప్పగించి, మెదడు తీసే పెద్దాసుపత్రికి బ్యాంకువాళ్ల వ్యాను వెంట ఇద్దరం వెళ్లాం. తిరిగి ఇచ్చినప్పుడు తల నిండా చీర కప్పి, జుట్టు దువ్వి ఇచ్చారు. గాయం కనబడలేదు. మొహానికి పసుపు రాసేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు, నువ్వూ చూశావు.

ఇదంతా నీకు చెప్పాలనిపించింది.

రేవతి

*

శ్రీరాంపూర్,
ఏప్రిల్.

రేవతికి,

చెప్పినందుకు మేలు. నేనైతే ఫోన్ చేసేదాన్నో కాదో.

మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు జరిగింది కాలనీ ఇంకా మర్చిపోలేదు. కాకి ముట్టకపోవడానికి మెదడు తీయించడమే కారణమట. "తలకాయల మెదడు లేకపాయె, పిట్ట రూపంల వచ్చుడు ఆమెకెట్ల యాదికుంటది?" అంది మీ మేనత్త. అంతసేపు ఎండలో నిలబడి, ఎవరికి తోచిన మాట వాళ్లిచ్చి, చివరికి ఆవుకు పెట్టి వచ్చాం కదా. నాకైతే ఏ బాధా లేదు. ఆమె పెట్టినన్నాళ్లు ఎవరూ ఆమెకింత వడ్డించింది లేదు, పోయాక ఆ విస్తరి ఎవరు తింటేనేం?

మామ పూటపూటకూ లస్మి ఏదంటాడు. పోయిందని చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తాడు. అందుకే రేషన్‌కు పోయిందంటున్నాను. రాత్రిళ్లు ఇప్పుడు నేనే లేస్తున్నాను. మీ అన్న లేస్తానంటాడు, కానీ షిఫ్టులో కునుకు తీస్తే బాయిలో ఏమవుతుందోనని నేనే వద్దంటాను.

నిన్న చారులో రెండుసార్లు ఉప్పేశాను. మొన్న బస్టాండుకని బయల్దేరి బడి దగ్గర తేలాను. నీకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే నీ ఇంటి నంబరు ఎంతకీ గుర్తు రాలేదు. ఈ ఇంటి గోడల్లోనే ఏదో ఉందని నవ్వుకున్నాను.

జమున

*

కరీంనగర్,
ఆగస్టు.

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న సాయిచంద్ మా ఇంటికొచ్చాడు. ఫోన్లో చెప్పే మాట కాదని పనిగట్టుకుని వచ్చాడు. అవ్వ మెదడు చూడటం పూర్తయిందట. బాపుకున్న జబ్బు కోసం ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వెతికారట. "ఆ జబ్బు ఆనవాలే లేదక్కా. వయసుకు వచ్చే చిన్న చిన్న మార్పులు తప్ప ఏం లేదు. మంచిగున్న మెదడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కుక్కరు సంగతి, గ్యాసు సంగతి, మలుపు దగ్గర నిలబడిపోయిన సంగతి అన్నీ చెప్పాను. ఆయన అన్నీ విని ఒక్కటే అడిగాడు. "అవ్వ రాత్రి ఎన్ని గంటలు పండుకునేది?"

బాపు లేచిన ప్రతిసారీ ఆమె లేచేదని నువ్వు నవంబరులోనే రాశావు వదినా. అదే చెప్పాను. ఏళ్ల తరబడి నిద్ర లేకపోతే మనిషి అచ్చం అలాగే అవుతుందట. మాట మర్చిపోతుంది, దారి మర్చిపోతుంది. "అదేనని నేను ఖాయంగ చెప్పలేను. ఏది కాదో మాత్రమే మెదడు చెప్తది" అన్నాడు. ఆయన ఖాయంగా చెప్పనక్కర్లేదు. మూడు రోజులు పడుకుని లేచి చీరల రంగులు చెప్పిన మనిషిని నేను నా కళ్లతో చూశాను. చూసి నీకు హాస్యంగా రాశాను.

ఆయన వెళ్లినప్పటి నుంచి నన్ను ఒకే ఒక్కటి తినేస్తోంది. అవ్వకు మతి పోలేదు. అంటే అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. వంటింటికి తాళం పెట్టినప్పుడు తెలుసు. ఇద్దరినెట్ల జూస్తమే అని అన్న అన్నప్పుడు విన్నది. చూడలేమని నువ్వన్నప్పుడు విన్నది. అన్నీ విని బాపుకు అన్నం కలిపి పెట్టింది. నిన్ను అనడం లేదు. నేనైతే ఆ గదిలో కూడా లేను.

నీ ఏప్రిల్ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. ఉప్పు రెండుసార్లు వేసిన సంగతి చదివి అప్పుడు నవ్వాను, ఈసారి నవ్వు రాలేదు.

ఆదివారం కారు మాట్లాడుకుని వస్తున్నాం. బాపును తీసుకెళ్తాను. స్కూల్లో ఒంటిపూటకు మార్చమని అడిగాను, ఒప్పుకోకపోతే మానేస్తాను. మా ఆయన కొంచెం గొణిగాడు, గొణగనీ. ఆరు నెలలు ఇక్కడ, ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం. బాపు మెదడు కాగితం కూడా తెచ్చి పెట్టు, సంతకం చేస్తాను. నువ్వు వద్దనకు, సామాను సర్దకు, వంట కూడా చేయకు. మేము వచ్చేసరికి పడుకుని ఉండు.

రేవతి

*

శ్రీరాంపూర్,
ఆగస్టు చివరి వారం.

రేవతికి,

మీ కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి, మామ పక్క దులుపుదామని కూర్చున్నాను. ఎప్పుడు ఒరిగానో తెలియదు. ఎండ పడుతుండగా పడుకున్నాను, లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. మామ ఏడని గాబరాగా గేటు దాకా పరుగెత్తాను. అప్పుడు గుర్తొచ్చింది. మీ అన్న రొట్టెలు కాలుస్తున్నాడు. ఎప్పుడూ పొయ్యి దగ్గరికి రానివాడు, "పండుకున్నవ్ గదా, లేపలే" అన్నాడు.

మళ్లీ వచ్చి మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. చూడలేమని ఆమె ముందే అన్నదాన్ని నేను. ఆ మాటకు ఆమె ఏమనుకుందో ఇంక నాకెవరూ చెప్పలేరు. నిద్రపోయి లేస్తే ఇంత బాగుంటుందని నాకు ఇప్పుడు తెలిసింది రేవతీ. ఇలాంటి ఒక్క పగటి నిద్ర మన ముగ్గురిలో ఎవరమైనా ఆమెకు ఎప్పుడో ఇవ్వాల్సింది.

మామ నిన్ను సతాయిస్తూనే ఉంటాడు. రాత్రిళ్లు నిద్ర చాలకపోతే మొహమాటపడి ఊరుకోకు. ఆరు నెలలు కాకపోయినా వచ్చి తీసుకుపోతాను.

నీ వదిన,
జమున